తరవాణి కుండ, హైడ్రోజన్ డ్రమ్ము

మంగళవారం పొద్దున మీటర్ ఒకసారి టక్ మన్నాక, మళ్ళీ టక్ మనేలోపు నేను గ్లాసుడు టీ తాగేశాను. అంతకు రెండు వారాల ముందు ఆ రెండు చప్పుళ్ళ మధ్య గ్లాసు ఎత్తి నోటి దాకా తెచ్చేపాటి వ్యవధి కూడా ఉండేది కాదు. శుక్రవారం కమిటీ వస్తోంది. తాగిన టీ వేడిగా ఉందో చల్లారిందో కూడా నాకు తెలియలేదు.

ఆ మీటర్ పెద్ద యంత్రమేమీ కాదు. నీళ్ళలో బోర్లించిన చిన్న కప్పు. కింది నుంచి గ్యాసు బుడగలుగా వచ్చి దాన్ని నింపుతుంది. నిండగానే కప్పు తిరగబడి టక్ మంటుంది, పక్కన అంకె ఒకటి పెరుగుతుంది. గ్యాసు వచ్చేది పక్కనున్న స్టీలు డ్రమ్ములోంచి. డ్రమ్ములో ఉండేది గంజి, అన్నం గిన్నెలు కడిగిన నీళ్ళు, ఆ రెంటినీ తిని హైడ్రోజన్ వదిలే బ్యాక్టీరియా. మురుక్కాలవలోకి పోయే నీళ్ళ నుంచి ఇంధనం తియ్యడం నా పని. భిలాయిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెనక వైపు, ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసుకున్న గదిలో మూడేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను.

కమిటీకి నచ్చితే ప్రాజెక్టు ఇంకో ఏడాది నడుస్తుంది. నచ్చకపోతే మార్చి నెలాఖరుకి గది తాళం ఇచ్చెయ్యాలి, డ్రమ్ము కాలవలో కుమ్మరించి, కడిగి అప్పజెప్పాలి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. నా బెంగంతా డ్రమ్ములో ఉన్నదాని గురించే. మురుగు శుద్ధి చేసే చోటు నుంచి బకెట్టుతో నల్లటి బురద తెచ్చి దాన్ని గంటన్నర ఉడకబెట్టాను. ఆ బురదలో హైడ్రోజన్ చేసేవాటితో పాటు దాన్ని తినేసి మీథేన్‌గా మార్చేవి కూడా ఉంటాయి. ఉడికిస్తే అవి చస్తాయి. మనకి కావలసినవి గట్టి పెంకులో ముడుచుకుని ఉండి, వేడి తగ్గాక లేస్తాయి. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ చెయ్యబోతే మూడుసార్లు పాడైంది. నాలుగోసారి లేచినవి పద్నాలుగు నెలలుగా ఒక్క రోజు ఆగకుండా బతుకుతున్నాయి. రోజూ కొంత నీరు తీసేసి, అంతే కొత్త గంజి పోస్తాను. డ్రమ్మును పూర్తిగా ఎప్పుడూ ఖాళీ చెయ్యను. పాతది అడుగున మిగిలి ఉంటేనే కొత్తది పట్టుకుంటుంది. నా దగ్గరికి వచ్చే ఏ విద్యార్థికైనా నేను చెప్పే మొదటి నియమం ఇదే.

గంజి ఊళ్ళోనే ఉన్న క్యాంప్ 2 అనే కూలీల పేట నుంచి వచ్చేది. అక్కడ ఒక పిన్ని కాంట్రాక్టు కూలీలకి మెస్ నడుపుతుంది. నాకు వరసకి ఏమీ కాదు, కానీ మా శ్రీకాకుళం వైపు మనిషి, అమ్మకి స్నేహితురాలు, అందుకని పిన్ని. రోజూ పొద్దున రెండు పెద్ద డేగిసాల అన్నం వండి గంజి వారుస్తుంది. కుక్కర్ అన్నం తిని ఎండలో ఇనుము మోయలేరని ఆవిడ గట్టి నమ్మకం. నేను అడగక ముందు ఆ గంజంతా ఇంటి ముందు కాలవలోకి పోయేది. అది పులిసి వాసన కొట్టేది, పక్కింటివాళ్ళు కేకలేసేవాళ్ళు. నేను అడగ్గానే ఆవిడ ఎంతో సంతోషించింది. మరిగే వేడి మీదే క్యానులోకి పోయాలనీ, వెంటనే మూత బిగించాలనీ నా షరతు. చల్లారిన గంజిలో పులుపు పుట్టించే బ్యాక్టీరియా చేరతాయి. అవి డ్రమ్ములోకి వచ్చాయంటే తిండంతా అవే తినేసి, పులుపు చేసి పెడతాయి. హైడ్రోజన్ ఇవ్వవు సరికదా, ఇచ్చేవాటిని బతకనివ్వవు.

పిన్ని వంటింట్లో, పొయ్యికి దూరంగా ఒక మూల తరవాణి కుండ ఉండేది. గంజీ అన్నం మెతుకులూ వేసి పులవబెట్టిన ఆ నీళ్ళు మావైపు వాళ్ళకి ప్రాణం. ఇక్కడి ఛత్తీస్‌గఢ్ వాళ్ళు బోరే బాసీ అని ఇంచుమించు అలాంటిదే తింటారు గానీ, రెండూ ఒకటేనంటే పిన్ని ఒప్పుకోదు. ఆవిడ అత్తగారు పెళ్ళయిన కొత్తలో ఆ కుండకి గుడ్డ వాసెన కట్టి, ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చి ఈ పక్కనే ఉన్న దుర్గ్‌లో దిగిందట. ఆ తర్వాత కుండలు పగిలాయి, మారాయి. మారినప్పుడల్లా పాతదాంట్లోంచి ఒక గరిటె కొత్తదాంట్లో పోసి సాగించారు. ఎంత వాడినా అడుగున కొంచెం మిగల్చడం, ఒక్క పూట కూడా కుండ ఎండనివ్వకపోవడం అత్తగారు పెట్టిన పద్ధతి. అమ్మ పోయిన ఈ మూడేళ్ళలో మా ఇంట్లో తరవాణి లేదు. అమ్మతో పాటే అదీ పోయింది. అందుకని పిన్ని వారానికోసారి నాన్నకి ఒక సీసాడు ఇచ్చి పంపేది. చలికాలమైనా, నేను జలుబు చేస్తుందని గొణిగినా, నాన్న దాంట్లో అన్నం వేసుకుని ఉల్లిపాయ నంజుకుని తినేవాడు.

మళ్ళీ మంగళవారానికి వస్తాను. టీ గ్లాసు పక్కన పెట్టి స్కూటర్ తీసుకుని తిన్నగా క్యాంప్ 2 వెళ్ళాను. వంటింటి గుమ్మంలో కాలు పెట్టేసరికి పిన్ని తరవాణి కుండలో చెంబు ముంచి ఎవరికో పోస్తోంది. పోసి, అదే చెంబు తొట్టిలో ఒకసారి జాడించి, గంజి డేగిసాలో ముంచి నా క్యానులో పోసింది. నా కళ్ళ ముందే పోసింది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. పైగా వారం నుంచి నిద్ర లేదు. బల్లల మీద పదిహేను మంది కూలీలు అన్నం తింటున్నారు. వాళ్ళ ముందే మొదలుపెట్టాను. పద్నాలుగు నెలలు పెంచుకున్నది చచ్చిపోతోందని, అది ఎందుకు చస్తోందో ఇప్పుడు తెలిసిందని, శుభ్రంగా ఉంచమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ లెక్క లేదని అన్నాను. హిందీలో కొంత, తెలుగులో కొంత అన్నాను. తింటున్నవాళ్ళు తల వంచుకున్నారు. ఒకతను మాత్రం, దీదీ, నెమ్మదిగా మాట్లాడండి అన్నాడు.

పిన్ని చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. "సెంబు కడుగుతానమ్మా నాను. రోజూ కడిగే ముంచుతాను."

"కడిగితే పోదు పిన్నీ. ఆ కుండ ఇక్కడున్నన్నాళ్ళూ పోదు" అన్నాను.

క్యాను అక్కడే వదిలేసి వచ్చేశాను. నాన్న కోసం గట్టు మీద పెట్టి ఉంచిన సీసా కూడా తీసుకోలేదు. వచ్చి, బియ్యప్పిండి కాచి, మూత పెట్టి చల్లార్చి, నా చేత్తో నేనే డ్రమ్ములో పోశాను. ఇంక బాగుపడుతుంది అనుకున్నాను.

బుధవారం ఇంకా తగ్గింది. పిన్ని గంజి మానేసినా తగ్గిందంటే ఆగి ఆలోచించాలి. నేను ఆలోచించలేదు. విషం ముందే ఎక్కిపోయింది, ఇప్పుడు పని చేస్తోంది అనుకున్నాను. డ్రమ్ములో నీరు నిజంగా పులిసిందో లేదో పరీక్షించమని రాయ్‌పూర్‌కి నమూనా పంపి ఉన్నాను, శుక్రవారం సాయంత్రానికి గానీ ఫలితం రాదు. పులుపు పెరగకుండా సోడా పోసే చిన్న పంపు డ్రమ్ముకే ఉంది. అది ఎప్పుడూ పోసినంతే పోస్తోంది. పులుపు నిజంగా పెరిగి ఉంటే పంపు పరుగులు పెట్టాలి కదా. ఆ అంకె నా కళ్ళ ముందు ఉంది, నేను దాన్ని నోటు పుస్తకంలో ఎక్కించాను కూడా. కానీ నాకు దోషి దొరికేసింది. దొరికాక ఇంకెక్కడా వెతకబుద్ధి కాలేదు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ సౌమ్యుడు. ఇక్కడివాడే, హిందీలో మాట్లాడితే లాలిపాటలా ఉంటుంది. కమిటీ వాళ్ళకి అంకెలు చాలవనీ, మంట చూపించాలనీ ఆయన పట్టు పట్టాడు. గంజి నీళ్ళలోంచి మంట లేస్తే ఎవరూ మర్చిపోరని అన్నాడు. గురువారం మధ్యాహ్నం మూడింటికి గదిలో ఒకసారి వెలిగించి చూద్దామని అనుకున్నాం. అప్పటికీ గ్యాసు చాలకపోతే చెయ్యాల్సింది నేను నిర్ణయించుకున్నాను. డ్రమ్ములో ఉన్నదంతా మళ్ళీ ఒకసారి ఉడకబెట్టాలి. పులుపువి చస్తాయి. నావి కూడా చాలావరకు చస్తాయి. ఎన్ని లేస్తాయో, అసలు లేస్తాయో లేదో చెప్పలేను. పెద్ద హీటరు ఒకటి తెచ్చి గోడ వారగా పెట్టుకున్నాను. 

గురువారం పొద్దున రిసాలిలో మా ఇంట్లో నాన్న చద్దన్నం గిన్నె ముందు కూర్చుని సీసా కోసం చూశాడు.

"ఏటమ్మా, ఈ వారం తరవాణి రాలేదు?"

టిఫిన్ డబ్బా సర్దుకుంటూ జరిగినదంతా చెప్పాను. మీటర్ సంగతి, చెంబు సంగతి, నేను అన్న మాటలు, సాయంత్రం ఉడకబెట్టబోతున్న సంగతి. నాన్న మజ్జిగ పోసుకుని కలుపుతూ విన్నాడు. అంతా విని ఒక్క మాట అడిగాడు.

"మీటరు సూసేవు. జాయింట్లు సూసేవా?"

నాకు చిర్రెత్తింది. ఇది మీ గ్యాసు లైను కాదు నాన్నా, ఇవి ప్రాణమున్నవి అన్నాను. నాన్న స్టీల్ ప్లాంటులో గ్యాసు పైపుల మీద పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గు కాల్చినప్పుడు వచ్చే గ్యాసు అది, దాంట్లో సగానికి పైగా హైడ్రోజనే. నాకు ఈ ప్రాజెక్టు వచ్చిన రోజు, నా సర్వీసంతా దాన్నుంచి తప్పించుకు తిరిగేను, నువ్వు గంజి పోసి పెంచుతావేటి అని నవ్వాడు. ఈనాటికీ ఇంట్లో సిలిండర్ మార్చినప్పుడల్లా రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి, బుడగ లేవడం లేదని చూశాకే స్టవ్ వెలిగించనిస్తాడు. చిన్నప్పుడు అతిథుల ముందు ఆ తతంగం చూసి నాకు సిగ్గేసేది.

చిరాకు పడ్డా ఆయన ఊరుకోలేదు. డ్రమ్ము పైన ఏముందని అడిగాడు. చలి మొదలవగానే నేను చేసిన ఏర్పాటు గురించి కొంచెం గొప్పగానే చెప్పాను. ఆ బ్యాక్టీరియాకి మన ఒంటి వేడి కావాలి. రెండు వారాల కిందట రాత్రుళ్ళు బాగా చల్లబడేసరికి, డ్రమ్ము మీద పందిరిలా మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి, నాలుగు వైపులా టేపు అంటించి, లోపల రెండు బల్బులు వేలాడదీశాను. కోడిపిల్లలకి పెట్టినట్టు. వేడి తగ్గితే బల్బులు వాటంతట అవే వెలుగుతాయి, పెరిగితే ఆరతాయి.

"గొట్టాలు షీటు లోపలే ఉన్నాయా?"

"లోపలే."

నాన్న గిన్నె పక్కకి జరిపాడు. సగం అన్నం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చి, గదిలో ఇప్పుడు ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరు, తాళం నా దగ్గరే ఉంది అన్నాను. హెడ్‌కి ఫోన్ చేసి ఆ గది వైపు ఎవరినీ రానివ్వొద్దని చెప్పమన్నాడు. ఆ తర్వాత గడ్డం గీసుకునే బ్రష్షూ, ఒక స్టీలు గ్లాసూ, అరిగిపోయిన సబ్బు ముక్కా సంచిలో వేసుకున్నాడు. ఇంత మెల్లగా నాన్న కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

 నాన్నని స్కూటర్ వెనక ఎక్కించుకుని, దారి పొడుగునా లోపల లెక్కలు వేసుకుంటున్నాను. హైడ్రోజన్ తేలిక, పైకి పోతుంది. గదిలో అయితే ఏ సందులోంచో జారిపోతుంది. గోడ మీద అలారం ఉంది, అది మోగలేదు. కానీ అలారం షీటు బయట ఉంది. షీటు కిందికి చేరిన గ్యాసు ఎక్కడికి పోతుంది? గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చాలు, ఒక నిప్పురవ్వ తగిలితే అంటుకోవడానికి. వేడి చూసుకుని బల్బుల్ని వెలిగించే స్విచ్చు ప్రతిసారీ లోపల చిన్నగా టక్ మంటుంది. రెండు వారాలుగా మీటర్ చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చున్న నేను, ఆ రెండో చప్పుడు కూడా వింటూనే ఉన్నాను. విని పట్టించుకోలేదు.

కాలేజీ వెనక వరండా మెట్ల దగ్గర నాన్న నన్ను ఆపాడు. జేబుల్లో ఏమున్నాయో తియ్యమన్నాడు. ఫోన్ తీశాను. తాళంచెవి తీశాను. కోటు జేబులోంచి లైటర్ తీశాను. మధ్యాహ్నం మంట వెలిగించడానికి ముందు రోజే కొన్నది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, పిట్టగోడ మీద పెట్టాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తాళం తీసి తలుపు తోశాను. గదిలో మసక. ఏళ్ళ అలవాటు కొద్దీ నా చెయ్యి దానంతట అదే గోడ మీద లైటు స్విచ్చు వైపు పోయింది. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టకు."

ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే నా చేతికున్న సన్నటి బంగారు గాజు వంగింది. అలాగే నన్ను వెనక్కి లాగి, వరండా చివర ఉన్న మెయిన్ దగ్గరికి తీసుకెళ్ళి దాన్ని కిందికి దింపాడు. వరండాలో ఫ్యాన్లు ఆగాయి. పక్క క్లాసులోంచి పిల్లలు హో అని అరిచారు. నన్ను కెమిస్ట్రీ వాళ్ళ దగ్గరికి పంపి, చేతిలో పట్టుకునే గ్యాసు పరీక్ష పరికరం తెప్పించాడు. అలాంటివి నిప్పురవ్వ రాకుండా తయారు చేస్తారని ఆయనకి తెలుసు, అయినా వెనక రాసి ఉన్నది కళ్ళద్దాలు పెట్టుకుని చదివాకే లోపల అడుగు పెట్టాడు. కిటికీలు రెండూ తెరిచాడు. నన్ను గుమ్మం దగ్గరే ఉండమన్నాడు. పరికరం గొట్టాన్ని షీటు పై అంచు దగ్గర, టేపు కొంచెం లేచిన చోట దూర్చాడు.

ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత అది అరవడం మొదలుపెట్టింది. అంకె చూడలేదు నేను, నాన్న మొహం చూశాను. డెబ్బై ఏళ్ళ మనిషి, పెళ్ళిళ్ళలో ఫోటో తీస్తున్నా మొహం మార్చని మనిషి, కళ్ళు ఒకసారి గట్టిగా మూసుకుని తెరిచాడు.

టేపు పైనుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం ఊడదీశాడు. లాగలేదు, గుంజలేదు. షీటు పై భాగం తెరుచుకున్నాక బయటికి వచ్చి, ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. అరగంట దాకా లోపలికి వెళ్ళనివ్వలేదు. మూడింటికి ఆ గదిలో నేను లైటర్ నొక్కేదాన్ని. హెడ్ పక్కనే ఉండేవాడు. అదే మాట నా బుర్రలో తిరుగుతోంది.  నాన్న సబ్బు అరగదీస్తూ గ్లాసులో నురగ కలుపుతున్నాడు.

పరికరం నోరు మూశాక ఇద్దరం డ్రమ్ము దగ్గరికి వెళ్ళాం. నాన్న బ్రష్షుతో మొదటి జాయింటు చుట్టూ నురగ రాశాడు. వంగి చూశాడు. ఏమీ లేదు. రెండోది, మూడోది కూడా బాగున్నాయి. నాలుగోది డ్రమ్ము నుంచి మీటర్‌కి పోయే గొట్టం. దానికి బెత్తెడు దూరంలో నేను వేలాడదీసిన బల్బు. ఆ వేడికి గొట్టం కొస బిరుసెక్కి, సన్నగా చీలింది. బ్రష్షు తగలగానే అక్కడ నురగ పాలు పొంగినట్టు పొంగింది. బుడగ మీద బుడగ. ఆగదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, సంతోషం. బతికే ఉన్నాయి. పద్నాలుగు నెలల నావి, ఒక్కటీ చావలేదు, రోజూ చేసినంతా చేస్తూనే ఉన్నాయి. మీటర్‌కి చేరకుండా బయటికి పోతోందంతే. నేను ఆ సాయంత్రం వాటిని ఉడకబెట్టబోయాను. గోడ వారగా ఉన్న హీటరుని చూసి నాకు ఏడుపొచ్చింది. నాన్న నా భుజం మీద తట్టి, గొట్టం మార్చు, కూకుని ఏడవడానికి టైము లేదు అన్నాడు.

షీటు చుట్టి బయట పడేశాను. బల్బులు తీసేశాను. డ్రమ్ము చుట్టూ గోనె సంచులు కట్టి, వేడినీళ్ళు తిరిగే పైపు చుట్టాను. మొదటే చెయ్యాల్సిన పని అది. పై కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచాలని తలుపు మీద రాసి అంటించాను. కొత్త గొట్టం బిగించాక నాన్న మళ్ళీ నాలుగు జాయింట్లూ నురగతో చూశాడు. అప్పుడు గానీ మెయిన్ ఎత్తనివ్వలేదు. మీటర్ టక్ మంది. నేను గ్లాసు ఎత్తే లోపు మళ్ళీ టక్ మంది.

హెడ్‌కి జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. ఆయన చదివి, మంట గదిలో వద్దు, బయట ఆరుబయట చూపిద్దాం అన్నాడు. శుక్రవారం అలాగే చూపించాం. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. కాగితం ముక్క దాని మీద పెడితే భగ్గుమంది, కమిటీలో ఒకాయన ఉలిక్కిపడి వెనక్కి అడుగేశాడు. లీకు సంగతి కూడా దాచలేదు, నా తప్పు నేనే చెప్పాను. ఇంకో ఏడాదికి సరేనన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం రాయ్‌పూర్ నుంచి ఫలితం వచ్చింది. తరవాణిలో ఉండే పులుపు నా డ్రమ్ములో దాదాపు లేనట్టే.

ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్ళి నాన్నకి కమిటీ సంగతి చెప్పబోయాను. ఆయన పూర్తిగా విననే లేదు. పాత సీసా ఒకటి కడిగి, బోర్లించి ఆరబెట్టి ఉంచాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"ముందు ఆవిడ కాడికెల్లు."

శనివారం పొద్దున వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. కూలీలు తింటుండగా వెళ్ళాలని, వాళ్ళ ముందు అన్నవి వాళ్ళ ముందే వెనక్కి తీసుకోవాలని నేనే అనుకుని ఆ వేళకే చేరాను. నీ గంజిలో దోషం లేదు పిన్నీ, నా గొట్టం చీలింది, నోటికొచ్చినట్టు మాట్లాడాను, క్షమించు అన్నాను. హిందీలో కూడా చెప్పాను, అందరికీ తెలిసేలా. మొన్న నన్ను నెమ్మదిగా మాట్లాడమన్న అతను అన్నం కలపడం ఆపి విన్నాడు. పిన్ని కంగారు పడిపోయింది. ఇంత మాటెందుకమ్మా, కూకో, టీ తాగు అంటూ కొంగుతో పీట తుడిచింది.

కూర్చోబోతూ మూలకి చూశాను. కుండ కిటికీ గట్టు మీద బోర్లించి ఉంది. ఎండ దాని మీద పడుతోంది. బూడిదతో తోమిన గీతలు తెల్లగా కనిపిస్తున్నాయి.

నేను చూస్తున్నది ఆవిడ చూసింది. మంగళవారం నేను వెళ్ళిపోగానే తీసేసిందట. కాలవలో పారబోసి, వేడినీళ్ళు పోసి మూడుసార్లు కడిగిందట. చెయ్యి రాక కాసేపు అలా పట్టుకుని నిలబడ్డానని చెప్పింది. ఇదంతా మామూలుగానే, కూర ధర చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు సదువుకున్నదానివి గదా. ఆ కుండున్నన్నాళ్ళూ పోదన్నావు. సిన్నపిల్ల కష్టం నా వల్ల పోవడమేటని..."

 కొత్తది పెట్టుకోవచ్చు, ఈ గంజితోనే వారం పది రోజుల్లో పులుస్తుంది, అందులో పెరిగేవి ఇంచుమించు అవే జాతి అని నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. మూడుసార్లు పాడై నాలుగోసారి లేచిన నా డ్రమ్ము గుర్తొచ్చింది. దాన్ని పారబోస్తే మళ్ళీ అలాంటిదే వస్తుందని ఎవరైనా నాతో అని ఉంటే నేను వాళ్ళని బతకనిచ్చేదాన్నా? నోరు మూసుకున్నాను. మా ఇంట్లో ఆ గరిటెడు దాచి ఉంటే బాగుండేది. అమ్మతో పాటు పోనిచ్చాం. పిన్ని ఇచ్చిన ప్రతి సీసా నాన్న అడుగంటా ఖాళీ చేసేశాడు, ఆఖరి చుక్క దాకా నేనే కడిగి తిరిగిచ్చాను.

పిన్ని టీ గ్లాసు నా ముందు పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"నీదైతే బతికుందా మరి?"

"బతికింది పిన్నీ."

"పోన్లే. ఒకటైనా మిగిలింది."

ఆవిడ లేచి డేగిసా దగ్గరికి వెళ్ళింది. నా క్యానును మరిగే నీళ్ళతో కడిగింది, చెంబును కూడా కడిగింది, ఒకసారి కాదు, రెండుసార్లు, నేను చూస్తున్నానో లేదో కూడా చూడకుండా. గంజి వార్చి, పొగలు కక్కుతుండగా క్యాను నింపి, మూత బిగించి నా వైపు జరిపింది. నాన్న ఇచ్చిన ఖాళీ సీసా సంచిలోంచి తియ్యలేదు నేను. క్యాను ఎత్తుకుని స్కూటర్ దగ్గరికి నడిచాను.